ఇంటి కంప్యూటరుకు పాత టేపు డ్రైవు – నా అనుభవం

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే తేదీన డి.ఎస్. నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పెన్షను దయాధర్మం కాదు, హక్కు అని తేల్చిన రోజు కాబట్టే మనం ఏటా ఇలా కలుసుకుంటున్నాం. ఆ తీర్పు గురించి నాకన్నా బాగా చెప్పగలవారు ఇక్కడ ఉన్నారు. నేను ఒక్క మాట మాత్రం అంటాను. హక్కు ఎంత గట్టిదైనా చూపించడానికి కాగితం ఉండాలి. సర్వీసు రిజిస్టరులో ఒక పేజీ చిరిగిపోయి ఏళ్ల తరబడి తిరిగినవారు మనలో ఉన్నారు. అందుకే కార్యదర్శి గారు కంప్యూటర్ల గురించి ఏదైనా చెప్పమన్నప్పుడు, దాచుకోవడం గురించి చెబుతానన్నాను.

నేను ఉద్యోగంలో ఎక్కువ కాలం డేటా ప్రాసెసింగ్ సెక్షనులో పనిచేశాను. 1980లలో మా దగ్గర పళ్లెమంత టేపు రీళ్లు ఉండేవి. అర అంగుళం వెడల్పు, 2400 అడుగుల పొడవు. రీలు వెనక ఒక ప్లాస్టిక్ రింగు పెడితేనే దాని మీద రాయడం కుదిరేది. రింగు తీసేస్తే చదవడమే తప్ప చెరపడానికి వీలుండదు. జీతాల బిల్లులకు మేము మూడు తరాల టేపులు ఉంచేవాళ్లం. వాటికి తాత, తండ్రి, కొడుకు అని పేరు. కొడుకు పాడైతే తండ్రి, తండ్రి కూడా పాడైతే తాత. కొత్త టేపు తయారైతే అందరికన్నా పాతదాన్ని చెరిపి వాడుకునేవాళ్లం. ఈ తాత, తండ్రి, కొడుకుల సంగతి గుర్తుంచుకోండి. నా కథలో దెబ్బ తగిలింది అక్కడే.

ఇప్పుడు మన ఇళ్లలో కంప్యూటర్లున్నాయి. వాటిలో ఏముంది? పి.పి.ఓ. నకలు, సర్వీసు రిజిస్టరు ఫోటోలు, మెడికల్ రీయింబర్స్‌మెంట్ బిల్లులు, పొలం అడంగళ్లు, ఇంటి లింకు డాక్యుమెంట్లు. వీటికి అసలు కాగితాలు ఎక్కడో ఉంటాయి, కష్టపడితే మళ్లీ నకళ్లు పుడతాయి. పిల్లల పెళ్లి వీడియోలు, మనవల ఫోటోలు, పోయినవారి గొంతులు మాత్రం ఏ ఆఫీసుకు వెళ్లి దరఖాస్తు పెట్టినా రావు.

మా ఆవిడ పాటలు పాడేది. కచేరీలు కాదు. మంగళహారతులు, పెళ్లిపాటలు, పిల్లల్ని నిద్రపుచ్చే పాటలు. టేపు రికార్డరు కొన్న కొత్తలో సరదాగా రికార్డు చేశాం. మొత్తం ఏడు క్యాసెట్లు. 2012లో మా అబ్బాయి వాటన్నిటినీ కంప్యూటరులోకి ఎక్కించి, ‘అమ్మ పాటలు’ అని ఒక ఫోల్డరు పెట్టాడు. రెండు క్యాసెట్లకు బూజు పట్టింది. ఎక్కించడం అయిపోయింది కదా అని ఆ రెండూ నేనే పారేశాను. 2015లో మా ఆవిడ కాలం చేసింది.

2018లో నేను సికింద్రాబాదులో ఒక పాత టేపు డ్రైవు కొన్నాను. అది చూసి మా అబ్బాయి, “మ్యూజియంలో పెట్టే వస్తువు ఇంటికి తెచ్చావేంది నాన్నా?” అన్నాడు. టేపు అనగానే చాలామందికి అలాగే అనిపిస్తుంది. నిజానికి టేపు ఎక్కడికీ పోలేదు. 2011 ఫిబ్రవరిలో గూగుల్ కంపెనీ సాఫ్టువేరు లోపం వల్ల కొద్ది శాతం జీమెయిల్ ఖాతాల్లోని ఉత్తరాలు మాయమయ్యాయి. వేరువేరు కేంద్రాల్లో ఉంచిన నకళ్లు కూడా దెబ్బతిన్నాయి. చివరికి వాటిని తిరిగి తెచ్చింది టేపుల నుంచే. పెద్ద సంస్థలు ఈనాటికీ టేపులు వాడుతున్నాయి. కొత్త తరం డ్రైవులు వచ్చినప్పుడల్లా పాతవి అమ్మేస్తాయి. ఆ పాతవే మనబోటివాళ్లకు అందుబాటులోకి వస్తాయి.

ఈ డ్రైవులలో ఎక్కువగా దొరికేది ఎల్.టి.ఓ. రకం. అరచేతిలో పట్టే చదరపు డబ్బా, లోపల ఒకే చక్రం, అదే అర అంగుళం టేపు. మొదటి తరం 2000లో వచ్చింది, 100 జి.బి. పట్టేది. 2007లో వచ్చిన నాలుగో తరానికి 800 జి.బి., 2010లో వచ్చిన అయిదో తరానికి 1.5 టి.బి., 2021లో వచ్చిన తొమ్మిదో తరానికి 18 టి.బి. పడుతుంది. డబ్బా మీద ఇంతకు రెట్టింపో, అంతకన్నా ఎక్కువో అంకె కూడా రాసి ఉంటుంది. దాన్ని నమ్మకండి. అది సమాచారాన్ని కుదించి ఎక్కించినప్పటి లెక్క. ఫోటోలు, వీడియోలు ముందే కుదించి ఉంటాయి కాబట్టి ఇంకా కుదరవు. కొత్త డ్రైవు లక్షల్లో ఉంటుంది. నాలుగో, అయిదో తరం పాత డ్రైవు వేలల్లో దొరుకుతుంది. తేడా అక్కడే ఉంది.

నేను కొన్నది నాలుగో తరం. ఇప్పుడు ఎవరైనా అడిగితే అయిదో తరం కొనమంటాను. ఆ తరం నుంచి ఎల్.టి.ఎఫ్.ఎస్. అనే పద్ధతి వచ్చింది. దానితో టేపు కూడా పెన్ డ్రైవులాగా ఫోల్డర్లతో కనిపిస్తుంది. నాలుగో తరానికి ఆ సౌకర్యం లేదు. మా మనవడు ఇంజనీరింగు విద్యార్థి. వాడే లినక్స్ ఎక్కించి, టార్ అనే ప్రోగ్రాముతో పని నడిపించాడు. టార్ అంటే టేప్ ఆర్కైవ్ అనే మాటకు పొట్టిరూపం, 1979 నాటిది. విండోసులో అయితే విస్టా వచ్చినప్పటి నుంచి దానితో ఇచ్చే బ్యాకప్ ప్రోగ్రాముకు టేపు సంగతి తెలియదు. వేరే సాఫ్టువేరు కొనుక్కోవాలి.

కొనేముందు మరో మూడు విషయాలు చూసుకోవాలి. మొదటిది, వెనక ఉన్న సాకెట్టు. ఈ డ్రైవులు యు.ఎస్.బి.కి తగులుకోవు. ఎస్.ఏ.ఎస్. అనే కార్డు, దానికి తగిన కేబులు కావాలి. ఆ కార్డు పెద్ద కంప్యూటరు డబ్బాలో పెట్టాలి, లాప్‌టాప్‌లో పెట్టడానికి చోటుండదు. ఫైబర్ ఛానల్ అని రాసి ఉన్న డ్రైవు మరీ చవకగా వస్తుంది. అది మన ఇళ్లకు పనికిరాదు. రెండోది, తరాల పొత్తు. అయిదో తరం డ్రైవు తన టేపులతో పాటు నాలుగు, మూడు తరాల టేపులను చదువుతుంది, కానీ రాయగలిగేది అయిదు, నాలుగు తరాల మీదే. ఏడో తరం డ్రైవు నాలుగో తరం టేపును అసలు చదవలేదు. మూడోది, ఎల్.టి.ఓ. కన్నా పాతకాలపు చిన్న క్యాసెట్ డ్రైవుల జోలికి వెళ్లకండి. వాటిలో కొన్నిటి రబ్బరు రోలర్లు కాలం గడిచి బంకగా మారి టేపుకు అంటుకుంటాయి. డ్రైవు పాతదైనా ఫరవాలేదు గాని టేపులు మాత్రం వాడనివే కొనండి.

నా దగ్గర అప్పటికి 600 జి.బి. సమాచారం ఉంది. ఈ డ్రైవు సెకనుకు 120 ఎం.బి. రాస్తుంది కదా, గంటన్నరలో అయిపోతుందని లెక్క కట్టాను. మూడు గంటలు దాటింది. టేపు వేగానికి తగ్గట్టు కంప్యూటరు సమాచారం అందించలేకపోతే టేపు ఆగి, కొంచెం వెనక్కి వెళ్లి, మళ్లీ పరుగెత్తాలి. ఇలా ముందుకూ వెనక్కూ తిరగడం వల్ల టేపూ అరుగుతుంది, హెడ్డూ అరుగుతుంది. చిన్నచిన్న ఫోటోలు వేలకొద్దీ ఉంటే ఈ బాధ ఎక్కువ. వాటిని ముందు పెద్ద మూటలుగా కట్టి తర్వాత టేపుకు పంపితే హాయిగా సాగుతుంది.

ఇక మన ప్రాంతపు సంగతి. ఎక్కువ కాలం దాచే టేపులకు 16 నుంచి 25 డిగ్రీల వేడి, 20 నుంచి 50 శాతం తేమ ఉండాలని తయారీదారులు అంటారు. అలా ఉంచితే 30 ఏళ్ల వరకు ఉంటాయని వాళ్ల మాట. మే నెలలో మన పల్నాటి ఎండలు, చీరాల వైపు ఉప్పుగాలి తెలిసినవాళ్లం, ఆ 30 ఏళ్లను నమ్ముకోకూడదు. మా ఇంట్లో టేపులు లోపలి గదిలో, బీరువాలో, మూత గట్టిగా పడే డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో ఉంటాయి. మా వీధిలో మిరపకాయల లారీలు తిరుగుతాయి. సీజనులో కిటికీ తెరిస్తే ఇల్లంతా తుమ్ములే. ఆ ఘాటు ధూళి, ప్రత్తి నూగు డ్రైవు ఫ్యానులోంచి లోపలికి పోతాయి. అందుకని వాడనప్పుడు డ్రైవుకు గుడ్డ కప్పి ఉంచుతాను, నడిచేటప్పుడు తీసేస్తాను. డ్రైవు అడిగినప్పుడు మాత్రమే క్లీనింగ్ క్యాసెట్ పెట్టాలి. ఊరికే శుభ్రం చేస్తే అది కూడా హెడ్డును అరగదీస్తుంది.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నాను గదా. నెలకొక టేపు చొప్పున మూడు టేపులు, తాత, తండ్రి, కొడుకు, ఆఫీసులో మాదిరిగానే తిప్పుతూ వచ్చాను. రిజిస్టరులో తేదీ వేసి సంతకం కూడా చేసుకునేవాణ్ణి.

2021 వేసవిలో ఒక సాయంత్రం ఈదురుగాలులతో వాన పడింది. పిడుగు ఎక్కడ పడిందో తెలియదు గాని, మా ఇంట్లో ఫ్రిజ్జు, టి.వి., కంప్యూటరు మూడూ పోయాయి. కంప్యూటరులోని రెండు డిస్కులూ కాలిపోయాయి. బాగుచేసేవారికి చూపించాం, లాభం లేకపోయింది. టేపు డ్రైవు మాత్రం తీగలన్నీ తీసి పక్కన పెట్టి ఉంది. టేపులు బీరువాలో ఉన్నాయి. నాకు దిగులు కలగలేదు సరిగదా, లోపల కొంచెం గర్వంగా కూడా ఉంది. కొత్త కంప్యూటరు తెప్పించి, మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని మొదటి టేపు పెట్టాను. పెళ్లి వీడియోలు వచ్చాయి. మనవల ఫోటోలు వచ్చాయి. పి.పి.ఓ. వచ్చింది. ‘అమ్మ పాటలు’ రాలేదు.

రెండో టేపు పెట్టాం, లేదు. మూడోది పెట్టాం, లేదు.

జరిగింది ఇదీ. 2019లో డిస్కు నిండిపోతోందని మా అబ్బాయి ఇంకో డిస్కు బిగించి, పాటల ఫోల్డరును అందులోకి మార్చాడు. ఆ మాట నాకు చెప్పాడు కూడా. టేపు మీదికి ఏయే ఫోల్డర్లు ఎక్కించాలో చెప్పే జాబితా మాత్రం 2018లో రాసిందే. అందులో కొత్త డిస్కు పేరు లేదు. టేపు తప్పు చేయలేదు. నేను చెప్పింది అక్షరం పొల్లుపోకుండా ఎక్కించింది, నేను చెప్పనిది ఎక్కించలేదు. పోనీ, 2018 నాటి టేపుల్లో పాటలు ఉండాలి గదా? ఉండేవి. కానీ మూడు టేపులే తిప్పుతున్నాను. ప్రతి నెలా తాతను చెరిపి కొడుకును చేస్తున్నాను. పాటలు ఫోల్డరు మారిన మూడు నెలలకే, నా చేతులతో నేనే, మూడు టేపుల్లోంచీ వాటిని చెరిపేశాను. రెండేళ్ల పాటు రిజిస్టరులో సంతకాలు పెడుతూ ఖాళీ మూటను కాపలా కాశాను.

ట్రంకు పెట్టెలో అయిదు క్యాసెట్లు మిగిలి ఉన్నాయి. వాటిని మళ్లీ ఎక్కించాం. పారేసిన రెండింటిలో ఒకటి మా పెద్ద మనవడు పుట్టినప్పుడు ఉయ్యాలలో వేసిన నాటిది. అది ఇక లేదు. ఆ రోజు మా అబ్బాయి నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇంత పెద్ద పొరపాటు ఒక్క నా ఇంట్లోనే జరగలేదు. 1969లో చంద్రుడి మీద కాలుపెట్టినప్పుడు అపోలో 11 పంపిన సంకేతాలను నాసావారు టేపుల మీద రికార్డు చేశారు. తర్వాతి కాలంలో టేపుల కొరత వచ్చి, వాటిని చెరిపి మళ్లీ వాడేశారని 2009లో వాళ్లే నివేదిక ఇచ్చారు. అంతటివాళ్లకే తాతను చెరపడం తప్పలేదు.

ఇప్పుడు నేను పాటిస్తున్న పద్ధతి చెబుతాను. ఇది మన మిర్చి రైతుకు తెలిసినదే.

రైతు సరుకంతా ఒకే కోల్డ్ స్టోరేజీలో పెట్టడు. కోల్డ్ స్టోరేజీలు తగలబడిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. నా టేపుల్లో ఒకటి ఎప్పుడూ ఒంగోలులో మా అమ్మాయి ఇంట్లో ఉంటుంది. ఆమె వచ్చినప్పుడు ఒకటి తెస్తుంది, ఒకటి తీసుకువెళుతుంది.

రైతు బాండు జాగ్రత్తగా దాచుకుంటాడు. నేను ఒక నోటుబుక్కు పెట్టాను. ఏ టేపులో ఏముంది, ఏ డ్రైవుతో, ఏ ప్రోగ్రాముతో రాశాను, సంకేతపదం ఏమిటి అన్నీ చేత్తో రాశాను. నేను పోయిన తర్వాత నా పిల్లలు ఆ పుస్తకం చూసి టేపు తెరవగలగాలి. అలా తెరవలేకపోతే అది టేపు కాదు, అట్టముక్క.

యార్డులో కొనేవాడు టిక్కీ మీది కాయలు చూసి ధర కట్టడు. లోపల చెయ్యి పెట్టి కింది కాయ తీసి చూస్తాడు. నేనూ మూడు నెలలకొకసారి ఒక టేపు తీసి, ఒక ఫోల్డరును వేరేచోటికి దింపి, ఒక ఫోటో తెరిచి చూస్తాను, ఒక పాట విని చూస్తాను. డ్రైవు పచ్చదీపం వెలిగించిందని తృప్తిపడను. ఏమేమి దింపాలో పాత జాబితా నుంచి కాకుండా, ఇంట్లోవాళ్లను అడిగి రాసుకుంటాను. “ఈ కంప్యూటరులో పోతే మీరు ఏడ్చేది ఏముంది?” అని అడుగుతాను. వాళ్లు చెప్పినవన్నీ టేపులో దొరకాలి.

నాలుగోది, విత్తనం కాయలు. ఏ ధర పలికినా రైతు వాటిని అమ్మడు. ఏడాదికొక టేపు నేను చెరపను. ఈ టేపు డబ్బాలకు ఒక మూల చిన్న మీట ఉంటుంది. దాన్ని జరిపితే ఇక దాని మీద రాయడం కుదరదు. మా పాత రీళ్ల రింగులాంటిదే. సంవత్సరం వేసి, మీట జరిపి, బీరువాలో పెట్టేస్తాను. ఒక్క టేపు ఖర్చుకు కక్కుర్తిపడే ఆ పాట పోగొట్టుకున్నాను.

అసలు క్యాసెట్లు, అసలు కాగితాలు, బూజు పట్టినా సరే, పారేయకండి.

క్లౌడులో పెట్టుకుంటే సరిపోదా అని కొందరు అడుగుతారు. పెట్టుకోండి, మంచిదే. అది ఇంకొక నకలు. అయితే అద్దె కడుతూ ఉండాలి, సంకేతపదం ఇంకొకరికి తెలిసి ఉండాలి. మరొకటి. కంప్యూటరుకు ఎప్పుడూ తగిలించి ఉండే నకలు కంప్యూటరుతో పాటే పోవచ్చు. 2017 మేలో వన్నాక్రై అనే వైరసు ప్రపంచమంతా ఫైళ్లకు తాళాలు వేసి డబ్బు అడిగినప్పుడు, మన రాష్ట్రంలో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రి సర్వర్లకు ఇలాంటి దెబ్బే తగిలింది. బీరువాలో ఉన్న టేపును ఏ వైరసూ ముట్టుకోలేదు. పిడుగూ ముట్టుకోలేదు.

ఇంత చెప్పి, మీరందరూ టేపు డ్రైవు కొనాలని నేను అనను. మీ దగ్గర ఉన్నది 50, 100 జి.బి. లోపే అయితే బయట తగిలించే రెండు హార్డు డిస్కులు చాలు. ఒకటి మీ ఇంట్లో, ఒకటి అమ్మాయి ఇంట్లో. పని అయ్యాక తీగ తీసేయండి. వందల జి.బి.లు వీడియోలు ఉండి, ఇంట్లో కాస్త ఓపిక, కొంచెం లినక్స్ తెలిసిన మనవడో మనవరాలో ఉంటేనే పాత డ్రైవు లాభం. కొన్నా అది శాశ్వతమనుకోకండి. పాత డ్రైవు ఏదో ఒకరోజు ఆగిపోతుంది, విడిభాగాలు దొరకవు. డ్రైవు లేని టేపు తాళంచెవి పోయిన పెట్టె. పదేళ్లలోపే అప్పటికి చవకైన కొత్త తరానికి అంతా మార్చుకోవాలి. తాటాకు పుస్తకాలు ఇన్ని వందల ఏళ్లు నిలిచింది తాటాకు గట్టిదై కాదు, ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు కూర్చుని మళ్లీ రాశారు కాబట్టి. సి.పి. బ్రౌన్ దొర కూడా పండితులను పెట్టి మన గ్రంథాలకు ప్రతులు రాయించాడు. దాచడమంటే బీరువాకు తాళం వేయడం ఒక్కటే కాదు. అప్పుడప్పుడూ తీసి, చూసి, మళ్లీ రాయడం.

మా ఇంట్లో ఏటా డిసెంబరు 17న విత్తనం టేపు రాస్తాం. ఈ రోజు సభ నుంచి ఇంటికి వెళ్లాక అదే పని. రాయడం అయ్యాక మా అబ్బాయి, మనవలు వచ్చి కూర్చుంటారు. టేపులోంచి మా ఆవిడ పాట ఒకటి దింపి వింటాం. పరీక్ష కోసమే వింటున్నామని మనవడికి చెబుతాను. “అలాగే తాతయ్యా” అంటాడు.